గింజలా, కిరణాలా

అయినా నీళ్ళు తాగి ఆపుకోవడం కూడా ఒక వైద్యమేనా, చిన్నప్పుడు బళ్ళో సిస్టరమ్మ బయటికి పంపకపోతే చచ్చినట్టు చేసిన పనే కదా ఇది, అప్పుడు దాన్ని శిక్ష అన్నారు, ఇప్పుడు ప్రిపరేషన్ అంటున్నారు, ఆ నర్సు ఫోన్లో ఎంత తియ్యగా చెప్పిందో, మిషో గారూ, మీరు బయటి నుంచి కిరణాలు పెట్టించుకునేటట్టయితే రోజూ మూత్రాశయం నిండుగా ఉండాలండీ, నిండితే అది పైకి జరిగి కిరణాల దారిలోంచి తప్పుకుంటుంది, ఇంట్లో ఒకట్రెండు సార్లు అలవాటు చేసుకోండి, నీళ్ళు బాగా తాగి గంటసేపు ఆపుకుని చూడండి అంది, గంటసేపట, అరవై తొమ్మిదేళ్ళ మగాడికి, ప్రోస్టేట్‌లో క్యాన్సర్ పెట్టుకు తిరుగుతున్నవాడికి గంటసేపు ఆపుకోవడమంటే ఏమిటో ఆ పిల్లకేం తెలుసు, సరే అదీ చూద్దాం అని పొద్దున మా ఆవిడ ఒడీల్ చూస్తుండగానే వంటింట్లో నిలబడి గటగటా తాగి కారెక్కాను, సరిహద్దు వంతెన దాటి అవతలి దేశంలో ఉన్న మా అమ్మాయి మిరెయ్ ఇంటికి వెళ్ళి ఈ బక్‌వీట్ పిండి ఇచ్చి వచ్చేదాకా ఆగగలిగితే నేను కిరణాలకి పనికొచ్చినట్టే అనుకున్నాను, తీరా వస్తే వంతెన మీద వరస కదలదు, నా ముందు దుంగల ట్రక్కు, దాని ముందు ఎర్ర వ్యాను, ఆ వ్యానువాడు చెక్‌పోస్టు కిటికీలోంచి తల లోపలికి పెట్టి పెళ్ళిచూపుల్లో కూచున్నట్టు కబుర్లు చెబుతున్నాడు, కింద నదిలో మంచు పలకలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతున్నాయి, నీళ్ళ వైపు చూడకూడదు, చూస్తే ఇంకా వస్తుంది, నెల తప్పినప్పటి నుంచి మిరెయ్‌కి ఈ పిండితో పోసే ప్లోయ్ అట్లు తప్ప ఏదీ సయించడం లేదట, ఆ పిండి అవతల దొరకదట, దొరకదా, దొరుకుతుంది, వాళ్ళమ్మ పంపిన పిండే కావాలి, అంతే, నెల తిరిగేసరికి పురుడు, ఆ నెలలోనే నేను ఏదో ఒకటి తేల్చి చావాలి.

తేల్చుకోండి అని పొద్దున్నే ఫోను, డాక్టర్ సిరువా, నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, వాళ్ళ తాత నాతో కలిసి మిల్లులో చేశాడు, మిషో గారూ, నిన్నటి స్కాన్ చూశాను, ఎముకలు శుభ్రంగా ఉన్నాయి, జబ్బు బయటికి పాకలేదు, చాలా మంచి వార్త, ఇక మీరు ఏదో ఒకటి తేల్చుకుని సాయంత్రంలోగా నర్సుకి చెబితే తేదీ వేస్తారు, మంచి వార్తట, ఒక చేత్తో మంచి వార్త ఇచ్చి రెండో చేత్తో పలక ఇచ్చి లెక్క చేసి తీసుకురా అన్నట్టుంది, పోయిన వారం ఆ గదిలో ప్లాస్టిక్ బొమ్మ ఒకటి బల్ల మీద పెట్టి, నడుము కింది భాగం అడ్డంగా కోసిన బొమ్మ, దాన్ని మూత తీసి మూత పెట్టి చూపించింది, ఇదిగో ఇది ప్రోస్టేట్, అక్రోటు కాయంత, ఒక పద్ధతి గింజలు, బియ్యపుగింజంత లోహపు గింజలు, ఎనభయ్యో తొంభయ్యో సూదితో లోపల నాటేస్తాం, ఒక్కపూటలో అయిపోతుంది, అవి అక్కడే ఉండిపోయి నెలల తరబడి లోపల్నుంచి కాలుస్తాయి, రెండో పద్ధతి బయటి నుంచి కిరణాలు, దానికి వారానికి ఐదు రోజులు చొప్పున నెల పైగా సిటీలో ఉండాలి, నాలుగు గంటల ప్రయాణం కదా రోజూ తిరగలేరు, అక్కడ రోగులుండే బస ఉంది, గింజలకి మూత్రం మంట ఎక్కువ, కిరణాలకి వెనకవైపు ఇబ్బంది కొంచెం, జబ్బు తగ్గడంలో రెండూ దాదాపు ఒకటే, మీ ఇష్టం అంది, మీ ఇష్టం అన్నాక ఆగి, ఒడీల్ పక్కన కూచుని ఉండగానే, మీకు అంగస్తంభన ఎలా ఉంటుందండీ అని అడిగింది, పాలు ఎన్ని లీటర్లు కావాలి అన్నట్టు అడిగింది, ఒడీల్ తన చేతిసంచి జిప్పు వంక చూసింది, నేను గోడ మీది క్యాలెండరు వంక చూశాను, బాగానే ఉంటుంది అన్నాను, ఎవరూ నమ్మలేదు, ముప్ఫై నాలుగేళ్ళు నేను గొట్టాల పని చేశాను, మా ఒడ్డున గుజ్జు తయారవుతుంది, అవతలి ఒడ్డున కాగితం తయారవుతుంది, గుజ్జు గొట్టాల్లోంచి నది దాటి పోతుంది, ఆ గొట్టంలో ఎక్కడైనా పాచి పట్టి పూడుకుపోతే బయటి నుంచి వేడి పెట్టాలా లోపలికి దిగి గోకాలా అని నేను చెప్పేవాణ్ణి, మేనేజరు దగ్గరికి పోయి అయ్యా మీ ఇష్టం అంటే వాడు నన్ను తన్ని తగలేసేవాడు, చదువుకున్నది నువ్వు, బొమ్మ నీది, సూదులు నీవి, ఇష్టం మటుకు నాదా.

ఇష్టం సంగతి కాఫీ బల్ల దగ్గర అడగాలి, డోనట్ల కొట్లో కిటికీ పక్క బల్ల, పదేళ్ళుగా అక్కడే పొద్దుటి మకాం, ముసలాళ్ళం పదిమందిలో సగం మందికి ఇదే జబ్బు, గెటాన్ గింజలవాడు, ఫెర్నాన్ కిరణాలవాడు, ఇద్దరూ కూచుంటే హాకీ టీముల గొడవలా ఉంటుంది, గింజలే అసలైనవిరా, పొద్దున పోయాను, సాయంత్రం ఇంట్లో సూప్ తాగాను, మర్నాడు మంచు తీశాను అంటాడు గెటాన్, ఒరే నువ్వు మంచు తీసిందెప్పుడు, ఏడాదిపాటు రాత్రికి ఆరుసార్లు లేచావు, మీ ఆవిడ నిద్ర చాలక వేరే గదిలోకి మారిపోయింది, ఆ ముక్క చెప్పవేం అంటాడు ఫెర్నాన్, నువ్వు మటుకు, ఏ కొట్టుకెళ్ళినా ముందు బాత్రూము ఎక్కడుందో చూసుకుని తర్వాత సరుకులు చూసుకోవడం లేదూ, నెల పైగా సిటీలో పడుండి నేర్చుకొచ్చింది అదేగా, అంటాడు గెటాన్, బల్లంతా నవ్వు, వాళ్ళిద్దరూ నవ్వుతారు, ఒకడు తన గింజల మీద ఒక్క మాట పడనివ్వడు, ఇంకొకడు తన కిరణాల మీద ఒక్క మాట పడనివ్వడు, తాను కొన్న ట్రాక్టరుని మించింది లేదనేవాడి మాట ఎవడు నమ్ముతాడు, నేను కప్పు అడ్డం పెట్టుకుని కూచున్నాను, నా సంగతి అక్కడ ఎవడికీ తెలియదు, ఒడీల్‌కి తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు, రీనోకేంరా, గుర్రంలా ఉన్నాడు, ఒక్క మాత్ర వెయ్యడు అని గెటాన్ నా వీపు మీద చరిచాడు, ఆ చెయ్యి పట్టుకుని విరిచెయ్యాలనిపించింది.

ఒడీల్‌ని అడిగితే ఏం చెప్పింది, ఏదైనా సరే, బతికుండు చాలు అంది, అని బంగాళాదుంపలు చెక్కు తియ్యడానికి కూచుంది, అది జవాబా, నేను అడిగింది బతకాలా వద్దా అని కాదుగా, ముందు మిరెయ్‌కి చెప్పవయ్యా, పిల్లకి తెలియకుండా ఎన్నాళ్ళు అంది, చెబితే ఏమవుతుంది, పెద్ద పొట్టేసుకుని ఏడుస్తుంది, మొగుడితో చెబుతుంది, ఆ కర్టిస్‌గాడు తల పంకిస్తూ వింటాడు, ఆ తల పంకించడం నేను చూడలేను, అయినా లెక్క అక్కడే చెడుతోంది, కిరణాలంటే పురుటి వేళకి నేను సిటీలో, ఒంటరిగా, రోగుల బసలో, ఎవడో ముక్కూమొహం తెలియనివాడితో పేకాడుతూ ఉంటాను, ఇక్కడ నా మనవడో మనవరాలో నేను లేకుండా పుడుతుంది, గింజలంటే ఇక్కడే ఉంటాను, కానీ గింజలు పెట్టించుకున్నాక రెండు నెలలు కడుపుతో ఉన్నవాళ్ళ పక్కన ఎక్కువసేపు కూచోకూడదట, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకోకూడదట, గదికి ఈ మూల నేను, ఆ మూల వాళ్ళు, మ్యూజియంలో బొమ్మని చూసినట్టు చూడాలి, ఒకటేమో ఉండనివ్వదు, ఇంకొకటేమో ముట్టుకోనివ్వదు, ఈ రెంట్లో ఏది మంచిదో ప్లాస్టిక్ బొమ్మ మూత తీస్తే కనిపిస్తుందా, అడిగితే ఆ డాక్టరు పిల్ల మళ్ళీ మీ ఇష్టం అంటుంది.

అబద్ధం ఎందుకు, ఆ లెక్క నేను ఎప్పుడో కట్టేశాను, కిరణాలే, దానికి కారణం పిల్లా కాదు మంటా కాదు, ఈ వంతెన, గింజలవాళ్ళకి ఆసుపత్రిలో ఒక కార్డు ఇస్తారు, ఎందుకంటే అదిగో ముందు ఆ రెండు పసుపు స్తంభాలు, వాటి మధ్య నుంచి కారు పోవాలి, ఒంట్లో ఏమాత్రం రేడియేషన్ ఉన్నా అవి పసిగట్టి లోపల గంట కొడతాయి, గెటాన్ చెప్పాడు, మొదటి ఏడాది దాటినప్పుడల్లా గంట, కార్డు తియ్యడం, చూపించడం, వాడికది పెళ్ళి ఊరేగింపు, అందరికీ చెప్పుకుంటాడు, నేను ఆ కార్డు ఎవడికి చూపించాలి, నా అల్లుడికి, ఆ కిటికీలో కూచునేది వాడే, యూనిఫాం వేసుకుని, బెల్టుకి నానా సామాను తగిలించుకుని, పోయిన క్రిస్మస్‌కి మా కోళ్ళ గుడ్లు ఒడీల్ గడ్డిలో సర్ది మిరెయ్ కోసం పంపితే, సర్, కోళ్ళ జబ్బు ఉంది, గుడ్లు రానివ్వకూడదు అని నా కళ్ళముందే సంచిలో వేసి సీలు వేశాడు, సర్ అన్నాడు, నన్ను, అదే రోజు రాత్రి భోజనాల బల్ల దగ్గర మామయ్యా ఇంకొంచెం వేసుకోండి అన్నాడు, పగలు సర్, రాత్రి మామయ్య, వాడి మొహాన ప్లేటు విసిరికొట్టకుండా తిన్నాను ఒడీల్ మొహం చూసి, నా కూతుర్ని నది దాటించి తీసుకుపోయినవాడు, మా భాషలో ముక్క రానివాడు, వచ్చిన నాలుగు ముక్కలూ వంకరగా పలికేవాడు, మా గొట్టాల్లో గుజ్జు రోజూ నది దాటిపోతుంది, దాన్ని ఏ ఆఫీసరూ ఆపి ఎక్కడికి పోతున్నావు, లోపలేముంది అని అడగడు, నన్ను మటుకు నా అల్లుడు అడుగుతాడు, నా ప్రోస్టేటు కార్డు వాడి చేతిలో పెట్టి వాడు ఓకే సర్ అంటే విని బండి పోనివ్వడం కన్నా నెల రోజులు సిటీలో పడి ఉండటం మేలు, మిరెయ్‌తో ఏం చెప్పాలో కూడా ఆలోచించాను, మా తమ్ముడు రోజేర్‌కి అడవిలో గుడిసె ఉంది, దాని పైకప్పు వేయించడానికి పోతున్నాను అంటాను, నమ్ముతుంది, కోపగించుకుంటుంది, కానీ నమ్ముతుంది, పురుటి వేళకి పైకప్పు వేసే తండ్రి అని జీవితాంతం అంటుంది, అననీ.

హమ్మయ్య, ఎర్ర వ్యాను కదిలింది, దుంగల ట్రక్కు కదిలింది, నేను తొడలు బిగించి క్లచ్చు వదిలాను, మంగళవారాలు కర్టిస్‌కి సెలవు, అందుకే మంగళవారం ఎంచుకున్నాను, ఆ స్తంభాల మధ్యకి వచ్చేసరికి కిటికీలో నున్నగా గొరిగిన మెడ కనిపించింది, ఆ మెడ నాకు తెలుసు, ఎవడితోనో డ్యూటీ మార్చుకున్నాడన్నమాట, నా పాడు అదృష్టం, వాడు తలెత్తాడు, సగం నవ్వాడు, అంతలో వాడి పక్కన ఎర్ర దీపం వెలిగింది, వాడి మొహంలో నవ్వు ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది, నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, గింజలు పెట్టించుకోలేదు కదా, పెట్టించుకోకూడదనే కదా ఇంత లెక్క వేసింది, తర్వాత తట్టింది, నిన్నటి స్కాన్, ఎముకల స్కాన్‌కి నరంలోకి ఎక్కించిన మందు, ఆ స్కాన్ చేసినామె ఒక కాగితం కూడా ఇచ్చింది, ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి కొన్ని రోజులు పడుతుందండీ, మన ఊరివాళ్ళు వంతెన దాటుతుంటారు కదా, ఇది దగ్గర పెట్టుకోండి అని, ఆ కాగితం మీద నా పేరూ ఆ జబ్బు పేరూ పక్కపక్కనే ఉన్నాయి, ఇంటికి రాగానే కట్టెల పొయ్యిలో పడేశాను, కాలిందా లేదా అని మూత తీసి మరీ చూశాను, గింజలు ఒంట్లో లేకపోతే గంట మోగదని ఎవడు చెప్పాడు నాకు, నేనే చెప్పుకున్నాను, గెటాన్‌గాడి మాటలు విని, ఇంజను ఆపండి సర్, తాళాలు అద్దం ముందు పెట్టండి, అని కిటికీలోంచి వాడు.

పక్కనున్న షెడ్డులోకి పెట్టించారు బండిని, బంధువుని తాను తనిఖీ చెయ్యకూడదట, అందుకని ఇంకో ఆఫీసరు, నెరిసిన జుట్టు పెద్దావిడ, చేతిలో ఇటుకంత పెట్టె పట్టుకుని వచ్చింది, కర్టిస్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు, ఈమధ్య ఏమైనా వైద్య పరీక్షలు చేయించుకున్నారా సర్ అని అడిగింది, ఇంగ్లీషులో, నేను మా భాషలో లేదు అన్నాను, ఆవిడ కర్టిస్ వంక చూసింది, లేదంటున్నారు అన్నాడు వాడు, ఆ మాట వాడు తర్జుమా చెయ్యాల్సి రావడం నాకు నచ్చింది, ఏ ఆసుపత్రికైనా వెళ్ళారా, లేదు, బండిలో రేడియేషన్ ఉండే పింగాణీ సామాను, ఎరువులు లాంటివి ఉన్నాయా, పిండి ఉంది అన్నాను, అట్ల పిండి, కావాలంటే సీలు వేసుకో అన్నాను కర్టిస్ వంక తిరిగి, వాడు అది తర్జుమా చెయ్యలేదు, ఆవిడ పెట్టెతో బండి చుట్టూ తిరిగింది, డిక్కీ దగ్గర మాట్లాడలేదు పెట్టె, పిండి దగ్గర మాట్లాడలేదు, దిగండి సర్ అంది, దిగితే నా భుజాల దగ్గర చిన్నగా కూసింది, పొట్ట దగ్గర పెద్దగా, బొడ్డు కిందికి వచ్చేసరికి గోలగోల పెట్టింది, నేను ఆపుకున్నదంతా అక్కడే ఉంది కదా, మందంతా అందులోకే దిగుతుంది కదా, నర్సు నింపమంది, నేను నింపాను, ఇప్పుడు అది అరుస్తోంది, ఆవిడ పెట్టె మీది అక్షరాలు చదివి, వైద్యానికి వాడే మందే ఇది, భయపడాల్సిందేం లేదు, స్కాన్ ఎప్పుడైంది సర్ అంది, మామూలుగా, ఓపిగ్గా, ముందు అడిగినప్పుడే చెప్పి ఉంటే పది నిమిషాల కిందటే వెళ్ళిపోయేవారు అన్నట్టు, నిన్న అన్నాను ఇంగ్లీషులో, గుండెదా, ఎముకలదా అంది, ఎముకలది అన్నాను, అని, బాత్రూము ఎక్కడ అన్నాను, ఇక నావల్ల కాలేదు, కర్టిస్ తీసుకెళ్ళు అంది ఆవిడ.

ఆ నడవ ఎంత పొడుగో నాకే తెలుసు, వాడు ముందు నేను వెనక, ఎముకల స్కాన్ అని విన్నాడు, అరవై తొమ్మిదేళ్ళ మగాడికి ఎముకల స్కాన్ ఎందుకు చేస్తారో వీడికి తెలియకుండా ఉంటుందా, తలుపు మూయనివ్వలేదు, కొంచెం తెరిచి ఉంచాలి మామయ్యా, రూలు అన్నాడు, ఇక్కడ మామయ్య అన్నాడు, యూనిఫాంలో ఉండి, నేను గోడకి మొహం పెట్టి నిలబడ్డాను, గంట నుంచి నన్ను చంపుతున్నది ఇప్పుడు రమ్మంటే రాదు, చుక్క రాదు, ఈ పాడు జబ్బు అందుకే బయటపడింది అసలు, నిండుతుంది, రాదు, వెనక వాడు నిలబడి ఉన్నాడని తెలుస్తుంటే అసలే రాదు, గోడ పలకల మధ్య సిమెంటు గీతలు లెక్కపెట్టాను, పళ్ళు నూరాను, పోరా అవతలికి అని అందామనుకున్నాను, అప్పుడు వాడు నాలుగడుగులు లోపలికి వచ్చి, నా వంక చూడకుండా, చేతులు కడుక్కునే చోట కుళాయి తిప్పాడు, నీళ్ళు పడుతున్న చప్పుడు, అంతే, మళ్ళీ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు, ఆ చప్పుడికి నాకు వచ్చింది, వస్తూనే ఉంది, ఆగి ఆగి, సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, నీకెవడు చెప్పాడు కుళాయి సంగతి అన్నాను గోడ వైపు తిరిగే, మా నాన్నకి తిప్పేవాణ్ణి అన్నాడు, మా భాషలో, వంకరగా, వాళ్ళ నాన్న పెళ్ళికి ముందే పోయాడని తెలుసు, దేనితో పోయాడో నేనెన్నడూ అడగలేదు, ఏది చేయించుకున్నాడు మీ నాన్న, గింజలా కిరణాలా అన్నాను, ఏదీ చేయించుకోలేదు మామయ్యా, చేయించుకోవాలా వద్దా అని చూస్తూ రెండేళ్ళు పోయాయి, అప్పటికి ఎముకల్లోకి పోయింది, అని కుళాయి కట్టేశాడు, ఏడుస్తూ చెప్పి ఉంటే నాకు కోపం వచ్చేది, వాడు గుడ్ల సంగతి చెప్పినట్టే చెప్పాడు.

మిరెయ్‌కి చెబుతావా అన్నాను చేతులు కడుక్కుంటూ, చెప్పను, ఇక్కడ తెలిసింది ఇక్కడే ఉండాలి, మీరు చెప్పాలి అన్నాడు, ఊళ్ళో ఎంతమంది ఈ స్తంభాల కింద నుంచి పోయారో, ఎవరెవరు ఏం మోసుకుని పోయారో వీడికి తెలిసే ఉంటుంది, ఒక్క పేరు ఎప్పుడూ వాడి నోట వినలేదు, భోజనాల దగ్గర ఎన్నిసార్లు కూచున్నాం, ఒక్క పేరు వినలేదు, అది కూడా నాకు ఒళ్ళు మండించింది, వీడు ఏ కిటికీ దగ్గరైనా ఒకేలా ఉండటం, ద్వేషించడానికి నాకు కొంచెం చోటైనా మిగల్చకపోవడం, ఆ మంటలోనే అడిగేశాను, సరే అన్నీ చూసినవాడివి, మీ నాన్నని చూశావు, కార్డులు చూస్తావు, నువ్వు చెప్పు, రెంట్లో ఏది, సాయంత్రంలోగా చెప్పాలి నేను, గింజలైతే మీ ఆవిడ పక్కన కూచోకూడదు, పిల్లని ఒళ్ళో పెట్టుకోకూడదు, కిరణాలైతే పురుటికి ఉండను, చెప్పు, అన్నాను, వాడు కాసేపు ఆలోచించాడు, నిజంగానే ఆలోచించాడు, నేను చూస్తున్నాను కదా, తర్వాత తల అడ్డంగా ఊపి, నేను చెప్పను మామయ్యా అన్నాడు, ఏం, నీకూ నా ఇష్టమేనా అన్నాను, అది కాదు, నేను ఏది చెప్పినా మీరు అదే చేస్తారు, రేపు ఏం తేడా వచ్చినా ఆ కర్టిస్‌గాడు చెప్పాడు అని ఇరవై ఏళ్ళు నన్ను తిడతారు, తిట్టడం ఫర్వాలేదు, కానీ మిరెయ్ మధ్యలో నలిగిపోతుంది, అన్నాడు, అని దారి చూపించాడు, ఇటు సర్ అన్నాడు, నడవ చివర ఆవిడ ఉంది కదా.

బండి తీసుకుని అవతలి ఒడ్డుకి వచ్చి పెట్రోలు బంకు పక్కన ఆపేశాను, ఎంత పొగరు, నా మొహం మీదే అన్నాడు, ఆ కర్టిస్‌గాడు అని నేను అనే మాట నా గొంతులోనే అన్నాడు, ఎక్కడ విన్నాడు, ఎవరు చెప్పారు, మిరెయ్ చెప్పిందా, ఒడీల్ చెప్పిందా, వాళ్ళని నిలదీద్దాం అనుకుంటుండగానే మిల్లులో నన్ను చేర్చింది ఎవరు అని ఎందుకో తట్టింది, మా నాన్న, ముప్ఫై నాలుగేళ్ళూ ప్రతి చలికాలం పొద్దున బూట్లు వేసుకుంటూ మా నాన్నని తిట్టుకున్నాను, ఇల్లు ఆ పల్లంలో కట్టమన్నది మా అన్న, నేలమాళిగలోకి నీళ్ళొచ్చిన ప్రతిసారీ వాణ్ణి తిట్టాను, వాడు పోయాక కూడా తిట్టాను, హీటరు ఒడీల్ ఎంచింది, కుక్కని మిరెయ్ తెచ్చింది, ఆ మిరెయ్‌ని కర్టిస్ తీసుకుపోయాడు, నా జీవితంలో ఏ గది తలుపు తీసినా అక్కడ ఎవరో ఒకరు దొరుకుతారు నాకు, ఇదిగో నీ వల్లే అనడానికి, ఇన్నేళ్ళలో నేను ఎంచుకున్నది ఏదీ లేదు, తిట్టేవాణ్ణి ఎంచుకోవడం తప్ప, ఈ వారం రోజులుగా నేను వెతికింది గింజలా కిరణాలా అని కాదు, ఎవడో ఒకడు చెబితే బావుణ్ణు అని, రేపు మంట పుట్టినా, పక్క తడిసినా, ఒడీల్ పక్కన పనికిరాకుండా పోయినా ఆ పేరు పెట్టి తిట్టుకుంటూ బతకొచ్చు అని, డాక్టరు పిల్ల తప్పించుకుంది, ఒడీల్ తప్పించుకుంది, కాఫీ బల్ల దగ్గర నేనే అడగలేదు, చివరికి నాకు అందరికన్నా పనికొచ్చే శత్రువుని అడిగితే వాడూ తప్పించుకున్నాడు, ఇక ఎవడూ లేడు, కారులో నేనూ పిండీ ఉన్నాం, కోపం ఇంకా ఉంది, బాగానే ఉంది, దానికి పోవడానికి చోటు మాత్రం లేదు, దాని కింద ఉన్నది భయం అని అప్పుడు తెలిసింది, చిన్నపిల్లాడి భయం, ఒంటి మీద వెంట్రుకలు లేచే భయం, దాన్ని చూస్తూ కూచుంటే మిరెయ్ పురిటిగది గుర్తొచ్చింది, నేనెన్నడూ చూడని గది, దాని తలుపు బయట బెంచీ మీద నేను కూచుని ఉండటం గుర్తొచ్చింది, జరగనిది గుర్తు రావడమేమిటో, ఒళ్ళో పెట్టుకోకపోతే పోయె, గది ఆ మూల నుంచి ఏడుపైనా వినపడుతుంది, ఫోను తీసి నర్సుకి చేశాను, మిషో గారూ, తేల్చుకున్నారా అంది అదే తియ్యటి గొంతుతో, గింజలు అన్నాను, మంచిదండీ, డాక్టరు గారు కూడా మీకు అదే బాగుంటుందన్నారా అంది, లేదమ్మా, ఎవరూ అనలేదు, నేనే అన్నాను, రాసుకో, రేపు ఏం జరిగినా తిట్టాల్సింది రీనో మిషోని, ఇంతకాలం వాడొక్కణ్ణే తిట్టకుండా వదిలేశాను.